కూర్మమ్మ మీద చెయ్యి పడితే

శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం, భావనపాడులో కాపురముంటూ సముద్రపు వేట మీద బతుకుతున్న అప్పలసూరి అను నేను, నా తదనంతరం అమలు జరగవలసినదిగా రాయించిన వీలునామా. నా రెండు కిడ్నీలూ పోయాయి గానీ బుర్ర పోలేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, తాగించలేదు. నేను చెబుతుంటే దస్తావేజు లేఖరి గణపతిరావు గారు రాస్తున్నారు. తిట్లు రాయనని ఆయన ముందే షరతు పెట్టారు. కనుక గంగులు పేరు వచ్చిన ప్రతిచోటా చదివేవాళ్లు ఒక తిట్టు కలుపుకోవలెను.

కూర్మమ్మ నా మేనమామ కూతురు. ఆమెను నాకే ఇస్తామని పెద్దలు తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్లి ఖర్చుల కోసం నేనూ నా స్నేహితుడు గంగులూ గుజరాత్ వెళ్లి వీరావల్ బోట్లలో కూలికి కుదిరాం. మా బోటు సముద్రంలో హద్దు దాటితే పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. వేరే బోటులో ఉన్న గంగులు ఊరికొచ్చి, "సూరిగాడు ములిగిపోనాడు, నా కళ్లతోటి సూసినాను" అని ఏడ్చి, నా దినం కూడు తిని, ఆ ఏడాదే కూర్మమ్మ మెడలో తాళి కట్టాడు. నేను కరాచీ జైలు నుంచి వచ్చేసరికి ఆమె చంకలో అనిత ఉంది. ఆ రోజే ఒడ్డున తెడ్డు అందుకుని గంగులు పళ్లు రెండు రాలగొట్టాను. వాడు వల కోసే కత్తితో నా ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చీరేశాడు. ఈ రెండు సంగతులకూ ఊరంతా సాక్షి.

మా ఊరి ఆడవాళ్లు నన్ను ఏడున్నర సీరియల్లో కుర్రాడితో పోలుస్తారు. ప్రేమించిన పిల్ల ఇంకొకణ్ణి చేసుకుంటే ఆ వెధవ స్తంభం చాటున నిలబడి కళ్లు తుడుచుకుంటాడు. ఆమె మొగుడికి ప్రాణం మీదికొస్తే రక్తం కూడా ఇస్తాడు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను గంగులుకు రక్తం ఇవ్వలేదు, కళ్లజూశాను. పెళ్లి చేసుకోలేదు, ఆమె గడప తొక్కలేదు, పోలిక అంతవరకే.

ఒకటి. నా ఫైబర్ పడవ, ఇంజను, వలలు సర్వహక్కులతో కూర్మమ్మకు చెందవలెను. మా తీరాన పడిన చేపలో పడవకంటూ ఒక వాటా తీసి, మిగిలింది వేటకెళ్లినవాళ్లు పంచుకుంటారు. ఆ పడవ వాటా కూర్మమ్మ చేతికే ఇవ్వాలి. గంగులు చెయ్యి చాపితే ఇవ్వకూడదు.

రెండు. కూర్మమ్మ ఒంటి మీద దెబ్బ కనబడిన పొద్దు నుంచి గంగులు ఆ పడవ ఎక్కరాదు. ఎక్కితే పడవ నడిపే మా సరంగు నరసింగరావు అతణ్ణి నీళ్లలోకి తోసెయ్యవచ్చును. తామూ ఎక్కించుకోబోమని మిగతా పడవలవాళ్లు కులపెద్దల ముందు నాకు మాటిచ్చారు. దెబ్బ తగిలిందా లేదా అనే విషయంలో కూర్మమ్మ మాట చెల్లదు. బోరింగు దగ్గర జారానంటుంది, తలుపు తగిలిందంటుంది. చెయ్యి విరిగినప్పుడు మేక కుమ్మిందని చెప్పింది. వాళ్లకు మేక లేదు. ఆమె కూతురు అనిత చెప్పిందే చెల్లును.

ఈ షరతు ఎందుకో కూడా రాయమంటున్నాను. చెయ్యి విరిగిన సంగతి తెలిసిన పొద్దున గంగులును జుట్టు పట్టి ఈడ్చుకుపోయి కెరటాల్లో ముంచాను. ఊపిరి పోయేదాకా ముంచేవాణ్ణే, నలుగురొచ్చి లాగేశారు. మర్నాడు కూర్మమ్మ, కట్టు కట్టిన చేత్తోనే, చేపల బుట్ట దించి నన్ను నిలదీసింది: "నువ్వు కొట్టీసి ఎలిపోతావు బావా. ఇంట్లో ఆడితోటి ఉండాల్సింది నాను గదా? నీ దెబ్బలు ఎవులికి తగుల్తన్నాయో సూసినావేటి?" అప్పటికే గంగులు తన పడవను తాగి అమ్ముకున్నాడు, ఎవరూ పనివ్వడం లేదు. వెళ్లి నా పడవలోకి నేనే పిలిచాను. ఊరు నవ్వింది. నవ్వనీ. సముద్రం మీద ఉన్నంతసేపూ వాడి చెయ్యి ఆమెకు అందదు. చీకటితో తీసుకుపోయి, వీలైనంత ఆలస్యంగా ఒడ్డుకు తెచ్చేవాణ్ణి. చేప పడకపోయినా తిప్పేవాణ్ణి. రేపు నేను పోతే వాణ్ణి అలా తిప్పేవాడు ఎవడు? ఆమెను చంపేస్తాడని నాకు భయం. కొడితే కూడు పోతుందన్న భయం అడ్డం పెట్టడానికి నా దగ్గర ఈ కాగితం తప్ప ఏమీ లేదు.

మూడు. నా స్లాబు ఇల్లు అనితకు. ఆ పిల్ల నర్సు చదువుతోంది, నన్ను పెదనాన్నా అని పిలుస్తుంది. ముందు తలుపుకు లోపలి నుంచి ఇనప గడియ నేనే బిగించాను. తల్లి ఎప్పుడు పరుగెత్తుకొచ్చినా తలుపు తియ్యాలి, తండ్రి ఎంత ఏడ్చినా తియ్యకూడదు.

నాలుగు. పళ్లు రాలగొట్టిన తెడ్డు గంగులుకు. అమ్మరాదు, పొయ్యిలో పెట్టరాదు. తాగినప్పుడల్లా చూసుకోవలెను.

అయిదు. ఈ క్లాజు గంగులు వినేలా చదవకూడదు. వాడికి చదువు రాదు కనుక ఇబ్బంది లేదు. ఇలాంటివి వీలునామాలో చెల్లవని గణపతిరావు గారు అంటున్నారు. చెల్లకపోయినా రాయమన్నాను.

నన్ను ఆస్పత్రికి అంబులెన్సు ఎక్కించిన రోజు కూర్మమ్మ వీధిలో నిలబడి ఏడ్చింది. "ఎవుడి కోసమే ఆ ఏడుపు?" అని గంగులు పీట విసిరి ఆమె నుదురు పగలగొట్టాడు. కుట్లు పడ్డాయి. నేను పోయిన రోజు ఆమె ఏడుస్తుంది, నాకు తెలుసు. ఆ రోజు నేను లేచి వచ్చి వాడి చెయ్యి పట్టుకోలేను. అయితే సీరియల్ చూసి ఏడిస్తే మాత్రం గంగులు ఏమీ అనడు. తనూ పక్కన కూర్చుని ముక్కు చీదుతాడు.

కాబట్టి నన్ను మోసుకుపోయేటప్పుడు అనిత చెయ్యవలసినది ఏమనగా: ఆ స్తంభం చాటు వెధవ చచ్చిపోయే ఎపిసోడ్ ఉంది, ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుందట. దాన్ని వాళ్లింట్లో టీవీకి కలిపి, సౌండు బాగా పెంచి, అమ్మను ఎదురుగా కూర్చోబెట్టవలెను. నా మరదలు కడుపారా ఏడవాలి.

భావనపాడు, 2024 నవంబరు 18.

(సంతకం) అప్పలసూరి

సాక్షులు:
1. చిన్నతల్లి, చేపల వ్యాపారం (వేలిముద్ర)
2. వెంకీ, వేట పని (సంతకం)

దస్తూరి: గణపతిరావు