ఎసరులా మరిగిన సముద్రం

మంగళవారం, రాత్రి

మా అబ్బాయి గిరి వంట చేసే పడవ కంపెనీ నుంచి ఒక మనిషి ఈ రోజు రేణిగుంటలో మా ఇంటికి వచ్చాడు. అగ్నిపర్వతం దీవి దగ్గర సముద్రం అడుగున గ్యాసు పేలి గిరితో సహా పడవ మునిగిందట. ప్రమాదం ఉందని ముందుగా ఎవరికీ తెలియలేదని రాసి తెచ్చిన కాగితం మీద నన్ను సంతకం పెట్టమన్నాడు.

"ఎవురికీ తెలీదా?" అని ఫోను తీసి, పడవ మునిగే ముందురోజు గిరి పంపిన మాటలు వినిపించాను.

"అమ్మా, నీళ్లు ఎసరు మాదిరి మరగతా ఉండాయి. చేపలు సచ్చి తేలతా ఉండాయి. పోవద్దు సార్ అంటే, వంటోడివి నీకేం తెలుసురా అని నగినాడు మా ఓనరు."

వచ్చినవాడి మొహం మాడిపోయింది.

మా మరిది మాత్రం, "పెట్టేయ్ వదినా. శవం ఎట్లాగూ దొరకలే, రేపు దర్భలతో బొమ్మ చేసి దానికన్నా నిప్పు పెడదాం" అన్నాడు.

ఎసరు చూడడం గిరికి నేర్పింది నేనే. నా బిడ్డ తప్పు చెప్పడు. కాగితం చించి ఆ మనిషి చేతిలోనే పెట్టాను. "తెలిసే తీసకపోయినామని రాసకరా, అప్పుడు పెడతా" అన్నాను.

మరిది తెచ్చిన దర్భల కట్టను అటక మీదికి విసిరేశాను. వాళ్లు నిజం రాసిచ్చేదాకా బొమ్మకు నిప్పు పెట్టనివ్వను. అంతవరకు గిరి ప్రాణం ఆ ఉడుకు నీళ్లలోనే తిరుగుతుందేమో. కొన్నాళ్లు ఓర్చుకోరా నాయనా...