ముప్పై రెండు రూపాయలు

పటమట, విజయవాడ
9 అక్టోబరు 1978

వెంకటరావమ్మ పిన్నిగారికి,

మీ ఈశ్వరితో ఎనిమిది నెలలు ఒకే గదిలో ఉన్న హన్నా నమస్కారాలతో రాస్తున్నది.

పదకొండో రోజున నేను పెడన వచ్చినప్పుడు మీరు నా చెయ్యి పట్టుకుని, "చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నావమ్మా" అన్నారు. కాదని చెప్పకుండానే బస్సెక్కి వచ్చేశాను. అప్పటినుంచీ ఆ మాట నన్ను ముద్ద మింగనివ్వడం లేదు. నేను కనిపెట్టుకుని లేను, పిన్నిగారూ. ఉన్నట్టయితే మీ అమ్మాయి ఈపాటికి నా పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది.

కాలవ గట్టు గుడిసెల్లో పిల్లల్ని పోగేసి అక్షరాలు నేర్పడం మా పని. పేరుకి వాలంటీర్లం కాబట్టి ఇచ్చేదాన్ని జీతం అనకూడదు, భత్యం అనాలి. నెలకి డెబ్భై అయిదు. ఈశ్వరి అందులో ఇరవై మీకు పంపి, యాభై అయిదు నా చేతిలో పెట్టేది. నేనూ అంతే వేసేదాన్ని. అద్దె ముప్పై అయిదు, బియ్యం నలభై పోగా, మిగిలిన ముప్పై అయిదుతోనే కిరసనాయిలు నుంచి సబ్బుదాకా. ఖర్చంతా నా చేతి మీదే. "నా దగ్గరుంటే పదో తారీఖుకే చేతులెత్తేస్తాం అక్కా" అని నవ్వేది. మా నాన్నగారు సొలొమోను మాష్టారు పామర్రులో బడిపంతులు. ఒక్క జీతంతో ఏడుగురం బతికిన ఇల్లు మాది. పొదుపు అంటే నాకు గర్వం. ఈశ్వరి మజ్జిగ అడిగినా లెక్క చెప్పేదాన్ని.

ఆమెకి చెప్పని సంగతి ఒకటుంది. ఉమ్మడి డబ్బులోంచి నెలకి నాలుగు రూపాయలు తీసి పాలపొడి డబ్బాలో వేసేదాన్ని. ఎవరికైనా ఆపదొస్తే పనికొస్తాయని. చెబితే ఖర్చయిపోతాయని చెప్పలేదు. సెప్టెంబరుకి ముప్పై రెండయ్యాయి.

ఆ నెల ఈశ్వరి నలభై అయిదే ఇచ్చింది. "మిగతా పదీ?" అన్నాను. "ఇంటికి పంపానక్కా" అంది. నాకు కోపం వచ్చింది. పైకి అనలేదు గానీ, ఆ కోపం పోలేదు.

మూడో తారీఖున జ్వరం మొదలైంది. నాగా పెడితే రోజుకి రెండున్నర కోస్తారని మాత్ర వేసుకుని పనికొచ్చేది. పదకొండున పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని, "అక్కా, డాక్టరుకి చూపించుకోనా? ఫీజు అయిదంట" అని అడిగింది.

"ఫీజు అయిదు, మందులు పదిహేను. ఒకటో తారీఖుదాకా ఏం తింటామే?" అన్నాను.

"పోనీ పెద్దాసుపత్రికి?"

"లైనులో పూట పోతుంది. మళ్ళీ కోత. ఇది వానాకాలం జ్వరం, అదే తగ్గుతుందిలే."

"సరే అక్కా" అంది. మళ్ళీ అడగలేదు. డబ్బా నా వెనక అలమరలోనే ఉంది. ఆపద కోసం దాచినదాన్ని, ఆపదే ఎదురుగా కూర్చుని అడిగితే పోల్చుకోలేకపోయాను.

ఇరవైన కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చూసి, "టైఫాయిడు. పేగుకి చిల్లు పడింది. వారం కిందట తేవాల్సిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులే ఉంది. మీరొచ్చేసరికి మాట పోయింది.

ఆ ముప్పై రెండూ ఇవాళ మీకు మనియార్డరు చేశాను. ఒక్కసారి వచ్చి మీ కాళ్ళ దగ్గర కూర్చోవాలని ఉంది. రమ్మంటే వస్తాను. ఏమన్నా పడతాను.

మీకు నిజం చెప్పకుండా వచ్చేసిన
హన్నా


పెడన
19 అక్టోబరు 1978

అమ్మాయి హన్నాకి,

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే ఈశ్వరి నాన్న రాస్తున్నారు. నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అది రాయొద్దన్నారు ఈయన. రాయమన్నాను.

మర్నాడు ఈశ్వరి ఉత్తరాలు పెట్టెలోంచి తీయించాను. సెప్టెంబరు పద్నాలుగున రాసింది ఒకటుంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాయిస్తున్నాను. "అమ్మా, జ్వరం తగ్గలేదు. హన్నా అక్క పాలపొడి డబ్బాలో డబ్బు దాస్తోంది, నాకు తెలీదనుకుంటోంది. అది మా ఇద్దరి కోసమే. తియ్యమందామని నోటిదాకా వచ్చింది. కానీ నువ్వడిగిన పది రూపాయలు పంపేసి అక్కకి తక్కువిచ్చాను కదా, ఇంక ఏ మొహంతో అడగను?"

ఆ పదీ నేనడిగాను. చవితికి గోడలకి సున్నం వేయించుకుందామని. ఈయన నేసే మగ్గానికి కాదు, తిండికి కాదు. వేయించాను కూడా. ఇప్పుడా తెల్ల గోడకే దాని ఫోటో ఉంది.

ఆ ఉత్తరం వచ్చిన రోజు ఈయన చదివి, "ఒకసారి బెజవాడ వెళ్ళి చూసొద్దామా?" అన్నారు. "బస్సు చార్జీలు దండగ, నీళ్ళు పడక వచ్చి ఉంటుంది, అదే తగ్గుతుంది" అన్నాను. నువ్వన్న మాటే అన్నానమ్మా. నువ్వు పరాయిదానివి. నేను కన్నదాన్ని.

తప్పు నీ ఒక్కదానిదే అని రాయించలేను. నీది లేదనీ రాయించలేను. డబ్బు వద్దని పోస్టుమానుతో తిప్పి పంపేశాను.

వస్తానన్నావు. ఇప్పుడు రాకు. కోపంతో కాదు. నువ్వు గుమ్మంలోకి వస్తే, నీ వెనకాల అదీ వస్తోందేమోనని వీధిలోకి చూస్తాను. అలా చూడకుండా ఉండగలిగిన రోజున నేనే కబురు పెడతాను.

ఈశ్వరి అమ్మ
వెంకటరావమ్మ