ఆవగింజంత గాలి

అన్నా,

టైరు పేలి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అరిగిన ఆ టైరుకు కొత్త రబ్బరు పట్టీ అతికించి రీట్రెడింగ్ చేసిన ఓబులేసు, "తాగి నడిపినాడు" అని నీ శవం దగ్గరే అన్నాడు. ఈ రోజు వాడు ఆళ్లగడ్డలో కొత్త షాపు తెరిచాడు.

షాపు ప్రారంభానికి వచ్చిన డ్రైవర్లందరూ అక్కడే భోజనాలకు కూర్చున్నాక, రోడ్డు మీద ఏరి దాచిన నీ టైరు రబ్బరు పట్టీని వాళ్ల ముందు సాగదీశాను. పూర్తిగా ఉడకకముందే అచ్చులోంచి తీసిన రబ్బరది. లోపలున్న ఆవగింజంత గాలిబొక్కలు కందిగింజలంతయ్యాయి, ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి, పట్టీ తెగింది.

"ఏందప్పా ఇది?" అని లేచాడొక డ్రైవరు. అందరూ కలిసి ఓబులేసు జీపు చక్రాల్లో గాలి తీసేసి, "నువ్వేసిన టైర్లే బిగించుకోని నంద్యాలలో మీ ఇంటికి పోప్పా, చూస్తాం" అన్నారు.

వాడు బస్సెక్కాడు. నేను వాడి వెనక సీట్లో కూర్చుని, మిగిలిన ముక్కను వాడి చెవి పక్కనే నంద్యాల దాకా సాగదీస్తూ వచ్చాను.

నీ చెల్లెలు