నలగని నిమ్మకాయ

నాచారం,
ఆదివారం ఉదయం.

అక్కయ్యకు,

తమ్ముడు సత్యం నమస్కారాలు. ఇక్కడ నేనూ సుశీలా బాగున్నాం. ఇన్నాళ్ళూ ఈ మాట అలవాటు కొద్దీ అనేవాణ్ణి, ఈసారి ఆలోచించే రాస్తున్నాను. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? మేడ మెట్లు ఎక్కడం మానేశారా, లేక నీకు తెలియకుండా ఎక్కుతూనే ఉన్నారా? లక్ష్మి ఒంట్లో బలం పుంజుకుందా? పాప బోర్లా పడుతోందని లక్ష్మి ఫోటో పంపింది. సుశీల ఆ ఫోటోను రోజుకు నాలుగుసార్లు తీసి చూస్తోంది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు "ఆఁ, అందరం బాగున్నాం, ఉంటాను మరి" అని పెట్టేస్తున్నావు. నేను తప్పు పట్టడం లేదు. నీ ఒక్కగానొక్క కూతురి పెళ్ళికి మేనమామ ఒక్కడే వచ్చి, పెళ్ళికూతురి బుట్ట మోసి, తెల్లారగానే బస్సెక్కి వెళ్ళిపోయాడు. మరదలు రాలేదు. ఆ తరువాత నువ్వే ఇక్కడికి వచ్చి, నీ చేత్తో పనసపొట్టు కూర వండి వడ్డిస్తే ఆమె పళ్ళెం పక్కకు జరిపింది. రెండు రోజులున్నావు. ఆ రెండు రోజుల్లో ఆమె నీ దగ్గర కుదురుగా కూర్చోలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నువ్వన్న మాట నాకు గుర్తుంది: "హైదరాబాదు వాళ్ళయ్యార్రా మీరు." దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి సుశీల ఒప్పుకోవాలి కనుక, ఆమె ఒప్పుకొనే దాకా ఆగాను.

రెండేళ్ళ కిందట ఆమెకు ఆపరేషన్ అయినప్పుడు, కడుపులో పుండు తీసేశారని మీకు చెప్పాం. అది సగమే నిజం. పెద్ద పేగు మొత్తం తీసేశారు. చిన్న పేగు చివరను పొట్టకు కుడివైపున బయటికి తెచ్చి కుట్టారు. దాని మీద ఒక సంచి అతికించి ఉంటుంది. మనం దొడ్డికి వెళ్ళేది ఆమెకు ఆ సంచిలోకి వస్తుంది, ఆమె ప్రమేయం లేకుండానే. రోజుకు ఐదారుసార్లు దాన్ని ఖాళీ చేసి శుభ్రం చేసుకోవాలి. ఇది అంటుకునే జబ్బు కాదు, సరిగ్గా చూసుకుంటే వాసన కూడా రాదు. పీచు ఎక్కువున్న తిండి ఆ చిన్న దారిలో అడ్డుపడుతుందని డాక్టరు వద్దన్నారు. పనసపొట్టు అందులో మొదటిది. నీ చేతి కూర ఆమెకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. ఆ రోజు పళ్ళెం పక్కకు జరిపి వంటింట్లోకి వెళ్ళింది ఏడుపు ఆపుకోవడానికి.

ఇంకొకటి కూడా చెప్పాలి. లక్ష్మి పెళ్ళికి మేమిద్దరమూ బయలుదేరాం అక్కయ్యా. నువ్వు పెట్టిన ఆకుపచ్చ పట్టుచీరే కట్టుకుంది. సూర్యాపేట దగ్గర బస్సు ఆగింది. అక్కడి బాత్రూముకు గడియ లేదు, కుళాయిలో నీళ్ళు లేవు. బయట ఆడవాళ్ళు వరుసగా నిలబడి తలుపు కొడుతున్నారు. ఆ కంగారులో సంచి ఊడి, చీర పాడైంది. నేను నా కండువా ఆమెకు చుట్టి, రోడ్డు దాటించి, ఎదురు బస్సులో ఇంటికి తెచ్చాను. ఆమెను దింపి సాయంత్రం బస్సెక్కాను. పెళ్ళిలో అందరికీ "జ్వరం" అని నేను చెప్పింది అబద్ధం. ఆ రోజు తరువాత ఆమె నాచారం దాటలేదు. కూరగాయలకు వెళ్ళినా ముందు రోజు రాత్రి నుంచి నీళ్ళు తాగడం మానేసేది.

నా పని నీకు తెలుసు. మందులు మోసే వ్యాన్లకు చలి పెట్టెలు కడతాం. ఆ పలకల అతుకుల్లోంచి చల్లదనం బయటికి కారకుండా చూడటం నా ఉద్యోగం. మూలలు విరిగిన ఫోమ్ పలకలు షెడ్డు వెనక పడి ఉంటాయి. ఆరు నెలల కిందట వాటిని చూస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. దారిలో నమ్మదగిన బాత్రూము లేదు సరే, దాన్ని మనతోపాటే ఎందుకు తీసుకువెళ్ళకూడదు? పోయిన వేసవిలో మేం కొన్న పాత చిన్న కారు లాగగలిగినంత తేలికైన ఒక గది, చక్రాల మీద. ఒక పరుపు, ఒక నీళ్ళ డబ్బా, ఒక మూల తెర, లోపల గడియ. చెక్కా రేకూ అయితే బరువెక్కుతుంది. ఫోమ్ పలకలు కట్టి, పైన కాన్వాసు గుడ్డ అంటిస్తే గట్టిదనమూ వస్తుంది, బరువూ ఉండదు. మా యజమాని పలకలు తీసుకోమన్నారు. చట్రమూ చక్రాలూ మాత్రం లైసెన్సున్న వర్క్‌షాపులో చేయించి, రవాణా శాఖ కాగితాలన్నీ పూర్తి చేశాను. ఆ విషయంలో బావగారిని దిగులు పడవద్దని చెప్పు.

మా ఇంటి ఓనరు యాదమ్మగారు తన పెరట్లో చోటిచ్చారు. మాతో పనిచేసే మల్లేశం, జనగామ వైపు మనిషి, వెల్డింగులో మంచి చెయ్యి, సెలవు రోజుల్లో వచ్చి సాయం పట్టాడు. మొదటి రోజే గోడ పలకను ఒంటి చేత్తో ఎత్తి చూసి, "సార్, ఇది బండా, దూది పెట్టెనా? జర గాలొస్తె పతంగి లెక్క పోతది" అన్నాడు. పలకలను తెల్ల జిగురుతో అతికించి, ఆరేదాకా వెదురు పుల్లలు గుచ్చి ఉంచాం. గుడ్డ అంటించడంలో నా తెలివి బయటపడింది. నమూనాకు ఒక పలక మీద కాన్వాసు పరిచి జిగురు రాశాను. మర్నాటికి గుడ్డ ముడుచుకుని, పలకను విల్లులా వంచేసింది. కారణం తెలియక రెండు రోజులు జిగురు పాళ్ళు మార్చి మార్చి చూశాను. సుశీల కిటికీలోంచి చూసి, "కొత్త నూలు గుడ్డ తడిపి ఆరేయకుండా ఎవరైనా వాడతారా?" అంది. జాకెట్టు గుడ్డ విషయంలో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇరవై ఏళ్ళ అనుభవమున్న నాకు తట్టలేదు.

అయితే ఆమె కిటికీ దాటి రాలేదు. ఎందుకు కడుతున్నానో చెప్పాను. "మీ సరదా మీది, నన్ను మాత్రం ఎక్కమనకండి" అంది. బయటి గోడలకు వేసే రంగు మూడు పూతలు పూసి, కిటికీ బిగించి, అంతా అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆమె ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు. ఇక్కడి ఆదివారాలు ఎలా ఉంటాయో నువ్వు చూశావు. ఫ్యాక్టరీలు ఆగిపోతే వీధంతా చెవులు మూసుకున్నట్టు ఉంటుంది. నన్ను "ఒరేయ్" అని పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. అలాంటి రోజుల్లో, ఎవరూ ఎక్కని బండికి రంగు వేస్తూ, నేను చేస్తున్నది పిచ్చిపని కాదు కదా అని చాలాసార్లు అనుకున్నాను.

బండి పూర్తయిందని తెలిసి యాదమ్మగారు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు.

"ఏంది సార్, కొత్త బండికి పూజ జెయ్యకుంటనె రోడ్డెక్కిస్తరా? మీ దిక్కు గిట్లనే జేస్తరా?"

"మా వైపూ చేస్తామండీ. కొబ్బరికాయ మాత్రం బండికి కొట్టకండి, సొట్టపడుతుంది. రాయి మీద కొడదాం" అన్నాను.

ఆవిడ బొట్లు పెట్టి, రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు ఉంచారు. నేనూ మల్లేశమూ వెనక నుంచి నెట్టాం. నిమ్మకాయలు నలగలేదు. చక్రాల ముందు దొర్లుకుంటూ పోయి, తులసికోట దగ్గర ఆగాయి. మళ్ళీ పెట్టారు. మళ్ళీ దొర్లాయి. యాదమ్మగారి ముఖం చిన్నబోయింది. "ఇది మంచిది గాదు సార్. నేనెన్నడూ సూడలె" అన్నారు.

"గచ్చు నున్నగా ఉందండీ, పైగా కాయలు పచ్చివి, బండి బరువు చూస్తే..." అని నేను వివరించబోయాను.

"ఊకోండి సార్," అన్నాడు మల్లేశం. "నిమ్మకాయనే నలగ్గొట్టని బండి, ఇగ దిష్టినేం నలగ్గొడ్తది?"

కిటికీ వెనక నుంచి నవ్వు వినిపించింది. సుశీల నవ్వు. ఆ శబ్దం విని ఎంతకాలమైందో లెక్కపెట్టుకుంటూ ఉండగానే ఆమె మెట్లు దిగి వచ్చింది. యాదమ్మగారి ముఖం చూసింది. చెప్పులు విడిచి, "నేనెక్కుతాను. నా బరువు పనికొస్తుందేమో చూడండి" అని లోపలికి ఎక్కి కూర్చుంది. ఆపరేషన్ తరువాత ఆమె బరువు ఎంత తగ్గిందో, మళ్ళీ ఎంత పెరిగిందో నేను నెలనెలా రాసి పెట్టుకుంటాను. ఆ నోటుపుస్తకమే గుర్తొచ్చింది. నిమ్మకాయలను చక్రాల కింద మరోసారి దూర్చి నెట్టాం. రెండూ ఒకేసారి చితికాయి. పెరడంతా నిమ్మవాసన.

"గదీ! ఇంటామె ఎక్కకుంటె బండి ఎట్ల కదుల్తది?" అన్నారు యాదమ్మగారు, ఇదంతా తనకు ముందే తెలుసన్నట్టు.

సుశీల వెంటనే దిగలేదు. లోపలి గడియ వేసుకున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి వచ్చి, వాళ్ళిద్దరూ వెళ్ళేదాకా ఆగి, నన్నడిగింది.

"ఏమండీ, ఇది ఎవరికోసం కట్టారు?"

"నీకోసమే."

"నన్ను ఒక్క మాటైనా అడిగారా? నేను కూర్చుని శుభ్రం చేసుకోను. నిలబడి ముందుకు వంగాలి. ఇందులో నిలబడితే కప్పు నా మెడ దగ్గరుంది."

అక్కయ్యా, సీటు ఎత్తు కొలిచాను, తలుపు వెడల్పు కొలిచాను, మోచేతులకు చోటు కొలిచాను. ఆపరేషన్ అయిన ఈ రెండేళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ, ఆ తలుపు వెనక ఆమె ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో ఏనాడూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. ఆమె చెప్పకపోవడమే మర్యాద అనుకుంది. నీ విషయంలోనూ మేమిద్దరం చేసింది ఇదే.

మర్నాడు ఆమే కాగితం మీద గీసి ఇచ్చింది. ఆ మూల మీద కప్పును చతురస్రంగా కోసి, పైకి లేచే మూతగా మార్చాం. మూత లేపితే చుట్టూ నిలబడే కాన్వాసు గోడలు ఆమే కుట్టింది, ముందే తడిపి ఆరేసిన గుడ్డతో. గాలికి ఒక చిన్న జాలీ, తువ్వాలు తగిలించే కొక్కేనికి చోటు, చెయ్యి చాచగానే అందేలా నీళ్ళ కుళాయి. మల్లేశం వచ్చి చూసి, "మేడం ఇంజనీరైంది, సార్ హెల్పరైండు" అన్నాడు. ఈ పనికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇంట్లో మాటలు పెరిగాయి.

పోయిన ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. ఉప్పల్ దాటి, బోడుప్పల్ మీదుగా, కడుతూనే ఉన్న పైవంతెన స్తంభాల దుమ్ములోంచి వరంగల్ రోడ్డు పట్టాం. ఆమె ఎప్పటిలాగే నీళ్ళు తాగకుండా వచ్చింది. ఘట్‌కేసర్ దాటాక ఒక వేపచెట్ల వరుస దగ్గర, "ఆపండి" అంది. వెనక్కి వెళ్ళి ఎక్కింది. గడియ పడింది. కాన్వాసు మూత పైకి లేచింది. నేను కింద నిలబడి టైరులో గాలి చూశాను. నాలుగోసారి చూస్తుండగా ఆమె చేతులు తుడుచుకుంటూ దిగింది. రోడ్డు అవతలికి చూసి, "అక్కడ టీ కొట్టుంది కదా. తాగుదామా?" అంది.

ఆపరేషన్ అయ్యాక ఇంటి బయట ఆమె ఏదైనా తాగుతానని అనడం అదే మొదటిసారి. చెరో రెండు కప్పులు తాగాం.

కనుక పాప అన్నప్రాశనకు ముందు రోజు సాయంత్రానికి మేమిద్దరం మండపేటలో మీ ఇంట్లో ఉంటాం. నెమ్మదిగా, మధ్యలో ఒక రాత్రి ఆగి వస్తాం. నాలుగు చిన్న కోరికలు. మీ గేటు వెడల్పు కొలిచి చెప్పు. స్తంభం నుంచి స్తంభానికి కాదు, తలుపులు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీని కొలవాలి. బండి పెరట్లో కుళాయి దగ్గర పెట్టుకుంటాం. ఇంట్లో ఇంత చోటుండగా డబ్బాలో పడుకుంటారా అని కోప్పడకు. అన్నం దగ్గర కొసరి వడ్డించకు. ఇక ఈ సంగతి బావగారికి చెప్పు, మిగతా వాళ్ళకు చెప్పాలో లేదో ఆమె ఇష్టానికి వదిలెయ్యి.

ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. యాదమ్మగారు పంపే జొన్నరొట్టె నేను తింటున్నాను, సుశీలకు అన్నమే పడుతుంది. నా ఆరోగ్యం బాగుంది, ఉద్యోగం బాగుంది, దిగులు పడకు. బావగారికి నా నమస్కారాలు, లక్ష్మికి, అల్లుడుగారికి ఆశీస్సులు, పాపకు ముద్దులు. ఇన్నాళ్ళు దాచినందుకు నన్ను తిట్టు, ఆమెను ఏమీ అనకు. మేం గేటు దగ్గర బండి దిగినప్పుడు, అలవాటు ప్రకారం నువ్వు "ఒరేయ్" అని పిలిస్తే నాకు అదే దీవెన.

నీ తమ్ముడు,
సత్యం

వదినగారికి సుశీల నమస్కారాలు. ఉత్తరం మూసేముందు ఇచ్చారు, చదివాను. అన్నీ నిజమే. ఆ ఆకుపచ్చ చీర మరక పోయింది, అన్నప్రాశనకు అదే కట్టుకుంటాను. ఇంకొక్క మాట. ఇది పనసకాయల కాలం కదా, నేనొస్తున్నానని ఆ కూర మానేయకండి. తినలేను గానీ, మీ పక్కన కూర్చుని పొట్టు కొడతాను.