ఊరి పేరు లేని వ్యాసం

ముదిగుబ్బ,
ఆదివారం.

పెద్దక్కకు,

నీ చెల్లెలు సరోజ నమస్కరించి రాసుకునేది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను. నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాకపోయేసరికి, నాకేదో కామెర్లు పట్టుకున్నాయనుకుని నువ్వు బావగారిని రైలెక్కించేసి ఉంటావేమోనని నా భయం. నాకే జబ్బూ లేదక్కా. అలసట, అంతే. బావగారి దగ్గు తగ్గిందా? మీ అత్తగారికి కన్ను ఆపరేషనయ్యాక చూపు నిలకడగా ఉందా? పిల్లలు బడికి పడవ మీదే వెళ్తున్నారా, వంతెన పూర్తయిందా? అన్నీ వివరంగా రాయి. నీ ఉత్తరంలో కాలవ సంగతులు చదువుతుంటే కాసేపు ఒళ్ళు చల్లబడుతుంది.

ఇక్కడ ఆషాఢం వచ్చింది గానీ వాన రాలేదు. గాలి మాత్రం పొద్దున లేచింది మొదలు ఒకటే వీస్తుంది. ఆరేసిన చీర కాసేపటికి మట్టిరంగుకు తిరుగుతుంది. మబ్బులు పడమటి నుంచి వచ్చి, మమ్మల్ని చూసీ చూడనట్టు తూర్పుకి పోతాయి. వేరుశనగ విత్తుకుందామని సాళ్ళు తోలిపెట్టుకున్న రైతులు అరుగుల మీద కూర్చుని ఆకాశం చూస్తుంటారు. తిండికి లోటేం లేదు. ఇంటావిడ ఆదెమ్మగారు రాగి సంగటి, వేరుశనగల పచ్చడి పంపుతూనే ఉంటారు. మొదట్లో సంగటి ముద్ద గొంతు దిగేది కాదు, ఇప్పుడు అలవాటైపోయింది. అయినా నీ కొత్తావకాయ ఒక చిన్న సీసా, తాండ్ర ఒక ముక్క ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. పనిగట్టుకుని పంపొద్దు.

ఉత్తరం ఆలస్యం కావడానికి కారణం ఒక వ్యాసం. కథల పత్రికకు రాసే వ్యాసం కాదు, వైద్యుల పత్రికకు. మా ఆసుపత్రికి వచ్చే పల్లెల్లో ఒక ఊరుంది. దాని పేరు నీకు కూడా రాయను. ఎందుకన్నది ఉత్తరం చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. కరువుకు బావులెండిపోతే ఆ ఊళ్ళో లోతైన బోరు వేశారు. నీళ్ళు పడ్డాయని పండగ చేసుకున్నారు. కానీ ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ మోతాదుకు మించి ఉంది. కొన్నేళ్ళు తాగేసరికి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్ళకు నడుము బిగుసుకుపోవడం, మెడ తిరగకపోవడం మొదలయ్యాయి. ఇంటింటికీ తిరిగి అందరినీ పరీక్షించి, నీళ్ళు పరీక్షకు పంపించి, ఎక్స్‌రేలు తీసి ఏడాది పైన కష్టపడ్డాం. అదంతా వ్యాసంగా రాసి పంపమని మా పెద్ద డాక్టరుగారు నాకు అప్పజెప్పారు. ఆయనది బళ్ళారి వైపు. కన్నడం కలిపిన తెలుగులో నెమ్మదిగా మాట్లాడతారు, ఎర్ర సిరాతో మాత్రం నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తారు.

వ్యాసం రాయడమంటే రాయడం కాదక్కా, తిరగరాయడం. సారాంశం ఇన్ని మాటలు దాటకూడదంటారు. మన కంటే ముందు ఎవరెవరు ఏం రాశారో వరస తప్పకుండా అంకెలు వేసి చూపాలంటారు. ఒక పాత వ్యాసం పేజీ నంబరు దొరక్క, దానికోసమే బస్సెక్కి బెంగుళూరు గ్రంథాలయానికి పోయి, ఆ ఒక్క అంకె రాసుకుని మళ్ళీ బస్సెక్కాను. ఆసుపత్రిలో ఉన్నది ఒకటే కంప్యూటరు. టైపు చేస్తూ ఉండగా కరెంటు పోతే చేసినదంతా గాలికి పోతుంది. మూడు ప్రతులు తయారు చేయాలి. రచయితలందరూ సంతకాలు చేయాలి. రోగుల ఫొటోలు వేస్తే వాళ్ళ అనుమతి కాగితం జతచేయాలి, వాళ్ళెవరో తెలియకుండా కళ్ళ మీద నల్లపట్టీ వేయాలి.

ఆ నల్లపట్టీ దగ్గరే గొడవ వచ్చింది.

వ్యాసంలో ఒకే ఒక్క మనిషి ఫొటో పెట్టాం. ఓబుళమ్మ అనే ఆవిడది. ఇంచుమించు నీ వయసే. చూస్తే మీ అత్తగారి కంటే పెద్దదనుకుంటావు. నడుము దగ్గర ముందుకు వంగిపోయి, నడిచేటప్పుడు నేలే చూస్తూ నడుస్తుంది. ఫొటో కోసం మంచం మీద గోడకు ఆనించి కూర్చోబెడితే గానీ ముఖం కనబడలేదు. ఆవిడ మరిది గంగిరెడ్డి ఆ ఊరికి ఒకప్పుడు సర్పంచిగా చేశాడు. పొలం ఉంది, మాట చెల్లుబడి ఉంది. ఎవరు చెప్పారో ఏమో, ఒకరోజు రోగులను చూస్తుండగా తిన్నగా నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"మా ఊరి పేరు ఏదో పుస్తకంలో ఎక్కిస్తాండారంట, నిజమేనా డాక్టరమ్మా?"

కూర్చోమన్నాను, కూర్చోలేదు. ఊరి పేరు ఎక్కడా రాయలేదనీ, 'జిల్లాలో ఒక గ్రామం' అని మాత్రమే ఉంటుందనీ చెప్పాను.

"మరి మా వదిన ఫొటో ఏమిటికి తీసినారు?"

పట్టీ వేసిన ఫొటో చూపించాను. చేతిలోకి తీసుకుని చూశాడు.

"కండ్లు మూస్తే ఏమాయ? ఆ నడుము చూస్తే యాడున్నా గుర్తుపడ్తారు. ఇప్పటికే మా పిల్లోళ్ల పండ్లు చూసి సంబంధాలకొచ్చినోళ్లు లేసి పోతాండారు. ఇంక అచ్చులో గూడా పడితే మా గడప తొక్కేదెవురు? పాలు పోసుకునేటోడు గూడా ఆ ఊరి పాలు వద్దంటాడు. మీరు రాసుకుని మీ ఊరికి పోతారు. ఈడ ఉండేది మేము."

నాకు కోపం రాలేదక్కా. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఫొటో వేయాలో వద్దో చెప్పాల్సింది ఓబుళమ్మేననీ, నేనే వచ్చి అడుగుతాననీ చెప్పి పంపించాను.

ఆ వారంలోనే జీపులో వెళ్ళాను. ఓబుళమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. గంగిరెడ్డి స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఫొటో ఆవిడ ఒళ్ళో పెట్టి, ఇది పెద్ద డాక్టర్లు చదివే పత్రికలో వస్తుందనీ, ఇష్టమైతేనే వేలిముద్ర వేయమనీ చెప్పాను. ఆవిడ వేలితో ఆ నల్లపట్టీని తుడవబోయింది. అది చెరగదని తెలిశాక నన్ను చూసింది.

"ఈ పట్టీ ఏమిటికమ్మా? పేపర్లో దొంగల్ని ఏసేటప్పుడు గదా ఇట్ల ఏసేది? నేనేమన్నా దొంగతనం చేసినానా?"

"ఎవరూ గుర్తుపట్టకుండా, ఓబుళమ్మా."

"పట్టనీలే. నడుము వంగినప్పటి నుంచి జనమంతా నా వీపే చూస్తాండారు. ఫొటోలో అన్నా మొగం ఉండనీ. మొగం ఉంటే ముద్రేస్తా. ల్యాకుంటే వద్దు."

"వదినా, నువ్వు ఊరుకో," అన్నాడు గంగిరెడ్డి. "మొగం ఏసేది ల్యా, పట్టీ ఏసేది ల్యా. అసలు ఫొటోనే వద్దు."

తర్వాత నా వైపు తిరిగాడు. తల ఒక్కటే కాదు, భుజాలతో సహా మనిషంతా తిరిగాడు. అది నేను అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు డాక్టరమ్మా. ఆ పుస్తకం మా ఈడికి వస్తాదా?"

"రాదు."

"అది అచ్చయితే మాకు మంచి నీళ్లు వస్తాయా?"

అక్కా, దీనికి ఒక జవాబు నా దగ్గర తయారుగా ఉంది. వ్యాసం చివర రాసినదే. పాలకుల దృష్టికి తీసుకురావడం, ముందుజాగ్రత్త చర్యలు, ఇంకా ఏవేవో. కానీ వాళ్ళిద్దరి ముందు అది నోట రాలేదు. "రావండీ. అది అచ్చయినంత మాత్రాన రావు," అన్నాను.

ఓబుళమ్మ మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది. "పేరు ల్యా, మొగం ల్యా, నీళ్లు గూడా ల్యా. ఇంక అది ఎవురికమ్మా?" అంది. నన్ను తిట్టలేదు. మామూలుగానే అడిగింది. అందుకే జీపులో తిరిగొస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వదల్లేదు.

సంగతి విని పెద్ద డాక్టరుగారు, "ఫొటో తీసేయమ్మా. ఎక్స్‌రే ఒకటి సాకు. ఎముకకు మొగం ఉండదు, ఎవరికీ నొప్పి కలగదు," అన్నారు. సాకు అంటే కన్నడంలో చాలు అని. తీసేశాను. బొమ్మల అంకెలు మారాయి, వాటిని చెప్పిన చోటల్లా మాటలు మారాయి. ఒక మధ్యాహ్నం అన్నీ సరిచేసి చివరి పేజీకి వచ్చేసరికి కరెంటు పోయింది. ఆ చీకటి తెర ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నువ్వు బెంగపడతావని ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను. మర్నాడు మళ్ళీ టైపు చేశాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

తర్వాత కొద్ది రోజులకు గంగిరెడ్డి మళ్ళీ వచ్చాడు. ఈసారి రోగుల వరసలో, చీటీ పట్టుకుని. ఇంకో గొడవకు వచ్చాడేమోనని నీరసం వచ్చేసింది. తలుపు దగ్గరగా వేసి చొక్కా గుండీలు విప్పాడు.

"మా వదినకు తీసినారే, ఆ ఎక్సరే నాకూ తీయండి."

"ఏమిటి ఇబ్బంది?"

"మెడ తిరగదు. కింద కూచుంటే లేసేకి కాదు. శానా దినాలైంది. ఎనక నుంచి పిలిస్తే తిరిగి చూడనని ఊర్లో అందరూ నాకు పొగరనుకుంటాండారు. అనుకోనీ, అదే మేలని ఊరుకున్నా."

ఎక్స్‌రేలో వెన్నెముక సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఫిల్ము కిటికీ వెలుతురుకు పెట్టి చూపించాను. "వదిన మాదిరి అవుతానా?" అని అడిగాడు. జరిగిపోయింది వెనక్కి రాదనీ, నీళ్ళు మారిస్తే ఇంతటితో ఆగే అవకాశం ఉందనీ చెప్పాను. తన ఒక్క ఇంటి వరకు బయటి నుంచి మంచినీళ్ళు తెప్పించుకోగలడాయన. ఆ మాటే అనబోయాను. ఆయనే ముందు అందుకున్నాడు.

"మీరు రాసిన ఆ కాగితం నాకొకటి ఇయ్యండి. నీళ్ల ఆఫీసుకు పోయి టేబుల్ మీద పెడ్తా. ఎన్ని మార్లు పోయినా రుజువేముందంటారు వాండ్లు."

"ఇస్తాను. కానీ అది ఇంగ్లీషులో ఉంది. మీ ఊరి పేరు కూడా అందులో లేదు."

"పేరు ల్యాకుంటే ఏ ఊరికి ఇస్తారు నీళ్లు?" అన్నాడు. అన్న తర్వాత తన మాట తనకే తగిలినట్టుంది. నవ్వేశాడు. నేను కూడా నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వానక్కా.

వ్యాసంలో పేరు ఉండదు, అది మా నియమం. కానీ ఊరివాళ్ళు తమ పేర్లతో తాము అర్జీ పెట్టుకోవడానికి ఏ నియమం అడ్డు? పెద్ద డాక్టరుగారిని అడిగితే, "రాయమ్మా, ఇదీ మన పనే," అన్నారు. నీళ్ళ పరీక్ష ఫలితం, రోగం ఎలా వస్తుందో, ఏం చేస్తే ఆగుతుందో, ఇవన్నీ ఒక పేజీ తెలుగులో రాశాను. ఆ పేజీ రాయడానికి ఒక పూట కూడా పట్టలేదు. పై భాగంలో ఊరి పేరు పెద్ద అక్షరాలతో పెట్టాను. ఓబుళమ్మ ఫొటో, పట్టీ లేనిది, కింద అంటించాను. తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసుకుని, "బాగానే ఉండా గదా," అంది. అడక్కముందే వేలు చాచింది సిరా కోసం.

ఆ సాయంత్రం వాళ్ళ వాకిట్లో జనం చేరారు. రోగం ఉన్నవాళ్ళు పేర్లు చెప్పండి, రాస్తాను అన్నాను. ముందున్నవాళ్ళు వెనక్కి జరిగారు. ఆడవాళ్ళు పిల్లలను కొంగుల వెనక్కి లాక్కున్నారు. అదే భయం, అందరికీ. గాలికి కాగితం ఎగిరిపోకుండా చేత్తో నొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఇక లేచి వెళ్ళిపోదామా అనిపించింది. అప్పుడు వెనక ఎవరో గంగిరెడ్డిని పిలిచారు. ఆయన ఎప్పట్లా మనిషంతా తిరిగాడు. తిరిగి, అందరికీ వినబడేలా నాతో అన్నాడు.

"రాయమ్మా. మొదట నా పేరు రాయి. గంగిరెడ్డి. మెడ తిరగదు."

ఆ తర్వాత నా కలం ఆగలేదు.

అర్జీ ఇచ్చి వచ్చారు. మళ్ళీ నీళ్ళు పరీక్ష చేస్తామన్నారట. ఇంతవరకు ఎవరూ రాలేదు. గంగిరెడ్డి మళ్ళీ పోతానంటున్నాడు. నేను ఏమీ గొప్పగా ఆశ పెట్టుకోలేదు, నువ్వూ పెట్టుకోకు. వ్యాసం కూడా మొన్న రిజిస్టరు పోస్టులో పంపేశాను. పోస్టాఫీసు నుంచి బయటికొస్తే సంతోషం కలుగుతుందనుకున్నాను. నిద్ర వచ్చింది. ఇంటికొచ్చి పడుకుని, ఆదెమ్మగారు తలుపు తడితే లేచాను.

నీ రెండు ఉత్తరాల్లోనూ ఒకటే అడిగావు. కాకినాడలో బావగారి స్నేహితుడి ఆసుపత్రిలో చోటు ఉంది, ఎప్పుడు వచ్చేస్తావు అని. దానికి జవాబు రాయలేక కూడా ఆలస్యం చేశాను. వ్యాసం మొదటి పేజీలో, పత్రికవాళ్ళు ఏదైనా అడగాలంటే ఎవరికి, ఎక్కడికి రాయాలో చిరునామా ఇవ్వాలి. వాళ్ళ దగ్గర నుంచి ప్రశ్నలు రావడానికి నెలలు పట్టవచ్చు, మనం జవాబిచ్చాక మళ్ళీ నెలలు. "అప్పటికి నీవు ఎక్కడ ఉంటావో ఆ చిరునామా వేయమ్మా," అన్నారు పెద్ద డాక్టరుగారు. మన ఇంటి చిరునామా వేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. నిజంగా ఆలోచించానక్కా.

బావగారికి, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నా మీద కోపం పెట్టుకోక, చల్లగా ఉండమని ఒక్కసారి మనసులో అనుకో, ఆ దీవెన నాకిక్కడికి అందుతుంది.

ఉత్తరం మాత్రం ముదిగుబ్బకే రాయి. పత్రికవాళ్ళకూ ఇదే ఇచ్చాను.

నీ చెల్లెలు,
సరోజ