గేటు దగ్గర ఇచ్చేసిన కార్డు

కుప్పం, మంగళవారం

అమ్మా, నేను బాగున్నాను. ఫోన్లో నీకు సరిగా వినబడదని ఈ పోస్టుకార్డు.

నిన్న మా బట్టల కంపెనీ నలభైమందిని ఉన్నట్టుండి తీసేసింది, నన్ను కూడా. యూనిఫాం, బ్యాడ్జితో పాటు ఈఎస్ఐ ఆసుపత్రి కార్డునూ గేటు దగ్గర ఇచ్చేశాను. వాచ్‌మన్ నూర్ అహ్మద్ ఆ ఆసుపత్రి కార్డును తిరిగి నా చేతిలో పెట్టి, "యాల ఇస్తాండావమ్మా? ఇది నీది. పని పోయినా కొన్నాళ్లు సెల్లుతాది" అన్నాడు. ఆసుపత్రిలో అడిగాను, నిజమే. నీ హెర్నియా ఆపరేషన్ ఆగదు. శుక్రవారం ఆధార్ తీసుకుని పుంగనూరులో కుప్పం బస్సెక్కు. మేకను పక్కింటి మెర్లిన్‌కు అప్పజెప్పావా? ప్రభువు దారంతా నీ పక్కనే కూర్చోవాలి.

నీ బీనా

అంచున ఒక్క మాట: గ్రానైట్ ఫ్యాక్టరీ మూసేసినప్పుడు నాయన "ఇంక మనకు ఆసుపత్రి ల్యాదు" అని గుండెనొప్పితో ఇంట్లోనే పోయాడు కదా. ఆయన కూడా తన కార్డు ఇచ్చేసి వచ్చాడా? ఆ గేటు దగ్గర నూర్ అహ్మద్ లాంటివాడు ఎవరూ లేరా?