మోగని వాచీ

అమ్మా, మేమిద్దరం కులాసా. తమ్ముడి గురించి బెంగపెట్టుకోకు.

వాడికి వినపడదు కదా, నాకు రాత్రి డ్యూటీ పడితే లేపేవాళ్లు లేక బేకరీకి ఆలస్యంగా వెళ్లేవాడు. ఇంకోసారి ఆలస్యమైతే ఇక పనిలోకి రావద్దని యజమాని చెప్పేశాడు. నేను ఆన్‌లైన్‌లో వెతికితే, ఎవరో వాపసు ఇచ్చిన డిజిటల్ వాచీ చవగ్గా దొరికింది. అలారం మోగడం లేదనీ, ఊరికే వణుకుతోందనీ తిప్పి పంపేశారట. మనకు కావలసింది అదేగా!

వాచీ వచ్చి వాడి చేతికి కట్టిన మర్నాడు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వాడు తయారై గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అక్కా, ఎవరో చెయ్యి పట్టుకుని లేపినట్టుందే!" అని వీధంతా వినపడేలా అరిచాడు. అప్పటినుంచి పనివాళ్లందరికంటే ముందు వెళ్లి పొయ్యి వెలిగిస్తున్నాడు. నిన్న యజమాని బేకరీ తాళాలు వాడి చేతికే ఇచ్చాడు.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే వాడి స్వెట్టర్ పంపు. నాన్నకు నమస్కారాలు, చెల్లి పాపకు ముద్దులు.

అసలు సంగతి చెప్పలేదు. బేకరీ పైన గది ఖాళీ అయింది, వాడు అందులో ఒక్కడే ఉంటాడట. నీకు భయమని తెలుసు. అయినా "సరే" అనమ్మా.

నీ పెద్దమ్మాయి